దాతలకు మేం థాంక్స్ ఎలా చెబుతాం? తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణా నదికి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థ మాది. మానసిక సమస్యలున్నవాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, మందులు ఆగిపోకుండా చూడడం, పింఛను, రేషను, ఆధారు లాంటి పనుల్లో తోడుండడం మేం చేసేది. ఇదంతా మీ విరాళాలతోనే నడుస్తోంది. మీకు ఉత్తరాలు రాసే పని కొన్నేళ్ళుగా నాది. మీలో చాలామంది ఫోన్‌లో అవే ప్రశ్నలు అడుగుతుంటారు, కొందరు మొహమాటంగా, కొందరు కాస్త కోపంగానే. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

డబ్బు పంపాను. మీకు అందిందని నాకెలా తెలుస్తుంది?

మూడు పనిరోజుల్లో రసీదు, వారం లోపల ఒక ఫోన్. ఆ ఫోన్ రికార్డు చేసిన గొంతు కాదు, ఊళ్ళలో తిరిగే మా కార్యకర్తల్లో ఎవరో ఒకరు చేస్తారు. మీరు పనిలో ఉంటే ఆ మాట చెప్పి పెట్టేయొచ్చు, వాళ్ళేమీ అనుకోరు.

ఆ ఫోన్‌లో మళ్ళీ డబ్బు అడగం. మొదట్లో అడిగేవాళ్ళం. థాంక్స్ చెప్పి, అదే ఊపులో "వచ్చే నెల ఇంకో క్యాంపు ఉందండీ" అనేవాళ్ళం. ఒక పెద్దాయన "అమ్మా, పెట్టిన ముద్ద ముందు మింగండి" అన్నారు. ఆ రోజుతో మానేశాం.

యూపీఐలో వేసేవాళ్ళకు ఒక మనవి. మా ఖాతాలో మీ పేరు సగమే కనిపిస్తుంది, అడ్రసు అసలే ఉండదు. డబ్బు వేశాక పేరు, ఊరు ఒక మెసేజ్ పెట్టండి. ఎవరు ఇచ్చారో తెలియక థాంక్స్ చెప్పలేకపోయిన విరాళాలు మా లెక్కల పుస్తకంలో ప్రతి ఏడూ కొన్ని మిగిలిపోతున్నాయి. ఇంకొకటి, మా పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. రసీదుకు ఓటీపీతో పనిలేదు.

పన్ను మినహాయింపుకు 80జి రసీదు ఇస్తారా? ఇచ్చిందాంట్లో సగం వెనక్కి వస్తుందట కదా?

రసీదు ఇస్తాం. సగం మాత్రం వెనక్కి రాదు. ఈ అపోహ చాలామందికి ఉంది. మీరిచ్చిన మొత్తంలో సగం మీ ఆదాయంలోంచి తగ్గించి పన్ను లెక్కేస్తారు, అంతే. పది వేలు ఇస్తే ఐదు వేలు ఆదాయంలో తగ్గుతుంది. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది వెయ్యి రూపాయలు, సెస్‌తో కలిపి 1,040. దీనికి పైన ఒక పరిమితి కూడా ఉంది, లెక్కకు తీసుకునే ఆదాయంలో పది శాతం దాటకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు ఈ మినహాయింపు లేదు. నగదుగా ఇస్తే రెండు వేల రూపాయలు దాటిన విరాళానికి వర్తించదు. బియ్యం, బట్టలు, కుర్చీలు ఇచ్చినా వర్తించదు.

మేమిచ్చే రసీదు ఒక్కటే సరిపోదు. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి సంస్థలు దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాలి. ఆ తర్వాత అక్కడి నుంచి వచ్చే ధ్రువపత్రాన్ని దాతలకు పంపాలి. పదిబీఈ అని మేం ఫోన్లో అంటుంటామే, అదే ఇది. గడువు మే 31. మీ పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పినా అది మీ పేరు మీద కనబడదు. అందుకే మేం పాన్ రెండుసార్లు అడిగితే విసుక్కోకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, జనం నోట్లో మాత్రం ఇంకా ఎయిటీజీయే. రిటర్ను వేసేముందు మీ ఆడిటర్‌ని ఒక మాట అడగండి.

పన్ను కాగితాన్ని, థాంక్స్ చెప్పే ఉత్తరాన్ని ఒకే కవరులో పెట్టం. రెండూ కలిస్తే ఉత్తరం కూడా బిల్లులా కనిపిస్తుంది.

నా డబ్బు ఎవరికి చేరిందో ఒక ఫోటో పంపండి. చూసుకుంటే తృప్తిగా ఉంటుంది.

ఎక్కువమంది అడిగేది ఇదే, మేం కాదనేదీ ఇదే. కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

బడికి బెంచీలు కొనిస్తే బెంచీల మీద కూర్చున్న పిల్లల ఫోటో పంపవచ్చు. కంటి ఆపరేషన్ చేయిస్తే నల్లద్దాలు పెట్టుకున్న తాతగారి ఫోటో వస్తుంది. ఆ ఫోటో వల్ల ఆయనకు నష్టమేమీ లేదు. మా పనిలో అలా కుదరదు. ఒక మనిషి ఫోటో కింద మా సంస్థ పేరు పడిందంటే, ఆ మనిషికి ఏ జబ్బుందో ఊరంతా చెప్పినట్టే.

మేం ఒకసారి ఈ తప్పు చేశాం. ఒక అమ్మాయి, రెండేళ్ళ మందులతో బాగా కోలుకుంది, కుట్టుమిషను పెట్టుకుంది. మాకు సంబరమైంది. ఆమెను అడిగే, ఆమె సరేనంటేనే, మా వార్షిక నివేదికలో ఫోటో వేశాం. పేరు మార్చాం కూడా. దాతలందరూ మెచ్చుకున్నారు. ఆ నివేదిక ఎలాగో ఆమె మేనత్తగారి ఊరు చేరింది. మాటల్లో ఉన్న సంబంధం ఆగిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ, ఆమె మా క్లినిక్‌కి రావడం మానేసింది. మందులూ మానేసింది. ఆర్నెల్ల తర్వాత మా కార్యకర్త వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి, "మీకు పేరు రావాలని మా పిల్లని అంగట్లో పెట్టారు" అంది. జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

"సరే" అంది కదా అని అప్పట్లో అనుకున్నాం. మందులిచ్చేవాళ్ళు అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే ఇప్పుడు అసలు అడగడమే మానేశాం.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతుంది. చికిత్సలో ఉన్న మనిషి ఫోటో గానీ వివరాలు గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ అంటుంది.

ఫోటో బదులు మీకు ఏం పంపుతామంటే, పని ఎలా నడిచిందో రాసి పంపుతాం. ఏ నెలలో ఎన్ని ఊళ్ళు తిరిగామో, ఏ మందు కొరత వచ్చిందో, దాన్ని ఎలా సర్దుకున్నామో. మా క్లినిక్ గదిలో ఖాళీ బెంచీ, మందుల బీరువా, గుమ్మం దగ్గర చెప్పుల వరస, వీటి ఫోటోలు కావాలంటే ఎన్నైనా తీసి పంపుతాం. ఆ చెప్పుల ఫోటో చాలామంది దాతలు దాచుకున్నారట.

ఫోటో వద్దులెండి. సాయం అందినవాళ్ళ చేత రెండు ముక్కలు థాంక్స్ రాయించి పంపొచ్చుగా?

రాయించం. మీకు రుణపడింది సంస్థ. థాంక్స్ చెప్పే పని కూడా సంస్థదే. ప్రభుత్వాసుపత్రిలో టీకా వేయించుకున్నవాళ్ళు పన్ను కట్టినవాళ్ళందరికీ ఉత్తరం రాయరు కదా. జబ్బు చేసిన మనిషికి వైద్యం హక్కు అని పై చట్టమే 18వ సెక్షన్‌లో చెబుతోంది. హక్కుగా అందాల్సింది అందినప్పుడు చేతులు జోడించమనడం మాకు మింగుడుపడదు.

ఎవరైనా తమంతట తాము "ఆ డబ్బులిచ్చినాయనకి చెప్పండి" అంటే మాత్రం చెబుతాం. పోయిన సంక్రాంతికి ఒకావిడ అరిసెలు చేసి తెచ్చి, "ఎవరో ఇస్తున్నారంటగా, వాళ్ళకి పంపు" అంది. ఎవరికని పంపుతాం? మేమే తినేశాం. ఆ సంగతి దాతలందరికీ ఉత్తరంలో రాసి క్షమాపణ కోరాం.

మా బాబు పుట్టినరోజుకి వచ్చి అందరికీ భోజనం పెట్టొచ్చా?

పెట్టొచ్చు, సంతోషం. డే కేర్ సెంటర్‌లో రోజూ మధ్యాహ్నం భోజనం ఉంటుంది, ఆ రోజు ఖర్చు మీరు పెట్టుకోండి. వచ్చి అందరితో కలిసి కూర్చుని తినండి. అంతకు మించి హడావుడి వద్దు. వరసగా నిలబెట్టి "హ్యాపీ బర్త్‌డే" పాడించడం, మీ అబ్బాయి చేత ఒక్కొక్కరికి అరటిపండు పంచించడం, సెల్ఫీలు, ఇవేవీ ఉండవు. అక్కడున్నవాళ్ళలో నలభై ఏళ్ళు దాటినవాళ్ళు, ఒకప్పుడు పాఠాలు చెప్పినవాళ్ళు, మేస్త్రీ పని చేసినవాళ్ళు ఉన్నారు. మీరు అడగకపోయినా వాళ్ళే మీ బాబుకి ఆశీర్వచనం చేస్తారు. కేకు తెచ్చేముందు ఒక మాట చెప్పండి. ఈ మందుల్లో కొన్నిటితో బరువు, షుగర్ పెరుగుతాయి. కేకు కంటే మామిడికాయ పప్పుకే అక్కడ గిరాకీ ఎక్కువ.

లక్ష రూపాయలిస్తే కనీసం ఒక సన్మానం కూడా చేయరా?

చేయం. కోపగించుకున్నవాళ్ళూ ఉన్నారు, ఒకరిద్దరు ఇవ్వడం మానేశారు కూడా. వాళ్ళను తప్పుపట్టను. మన దగ్గర గౌరవానికి ఒక పద్ధతంటూ ఏర్పడిపోయింది: శాలువా, దండ, మెమెంటో, సెంటర్లో ఫ్లెక్సీ. ఇవి చేయకపోతే విలువివ్వలేదనుకోవడం సహజం. కానీ ఆ శాలువాలు చివరికి ఎక్కడికి చేరతాయో మనందరికీ తెలుసు. మీ ఇంట్లో బీరువా పైన ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఒక ఫ్లెక్సీ, హాలు అద్దె, టిఫిన్లు కలిపితే అయ్యే ఖర్చు మీరిచ్చిన డబ్బులోంచే తీయాలి. మీ డబ్బుతో మీకే శాలువా కప్పడం ఏం బాగుంటుంది!

దానికి బదులు ఏడాదికోసారి దాతలను ఒక పూట మా ఆఫీసుకు పిలుస్తాం. అక్టోబరు 10కి దగ్గర్లో వచ్చే ఆదివారం. ఆ తేదీ ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, 1992 నుంచి జరుపుతున్నారు. ఆ పూట లెక్కల పుస్తకాలు బల్ల మీద పెడతాం. ఏదైనా తిప్పి చూడొచ్చు, ఎవరినైనా అడగొచ్చు. స్టేజీ ఉండదు. పోయినసారి రిటైరైన ఒక బ్యాంకు ఆఫీసరుగారు మా పెట్రోలు బిల్లుల్లో కూడిక తప్పు పట్టారు. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించిన ఆనందం ఏ శాలువా వల్లా రాదు.

ఇచ్చింది నేను, థాంక్స్ లెటర్ మా ఆయన పేరు మీద వచ్చింది. ఎందుకలా?

మా తప్పే. క్షమించండి. జాయింట్ అకౌంట్ నుంచి డబ్బు వస్తే మొదటి పేరు చూసి ఉత్తరం రాసేసేవాళ్ళం. ఆ మొదటి పేరు చాలాసార్లు మగవాళ్ళదే. ఒక టీచరమ్మగారు ఫోన్ చేసి, "నా పీఆర్సీ అరియర్సులోంచి ఇచ్చానండీ, ఆయనకి అసలు తెలియదు కూడా. ఇప్పుడు తెలిసింది" అన్నాక కళ్ళు తెరిచాం. ఇప్పుడు ఎవరి పేరుతో రాయాలో, ఏ అడ్రసుకు పంపాలో, ఇంటికా ఆఫీసుకా అన్నది ముందే అడుగుతున్నాం. "శ్రీ అండ్ శ్రీమతి" అని రాయడం కూడా ఆపేశాం. ఇద్దరూ ఇస్తే ఇద్దరి పేర్లూ రాస్తాం.

నా పేరు ఎక్కడా రాకూడదు. కుదురుతుందా?

బయట ఎక్కడా రాదు. మా పుస్తకాల్లో మాత్రం ఉండాలి. పేరూ అడ్రసూ లేని విరాళాలు ఒక పరిమితి దాటితే, సంస్థ వాటి మీద 30 శాతం పన్ను కట్టాలి. కాబట్టి గుప్తదానం అంటే మాకూ మీకూ పన్ను శాఖకూ తెలిసి, ఊరికి తెలియని దానం.

నిజానికి మేం దాతల జాబితా వేయడమే మానేశాం. ఇది ముందు మాకూ తట్టలేదు. గుడి గోడ మీద దాత పేరు చెక్కితే గౌరవం. మానసిక వైద్యం చేసే సంస్థ జాబితాలో పేరుంటే, "వాళ్ళింట్లో ఎవరికో ఉందేమో" అని ఎదురింటివాళ్ళు అనుకుంటారు. ఉన్నా లేకపోయినా అది వాళ్ళకు అనవసరం. మాకు ఇచ్చేవాళ్ళలో ఇంట్లో ఈ బాధ చూసినవాళ్ళు తక్కువేం కాదు. చెప్పుకోలేక, ఊరుకోలేక, ఇలా ఇస్తుంటారు.

అందుకే మా కవరు మీద సంస్థ పేరు ఉండదు, పోస్టు బాక్సు నంబరే ఉంటుంది. పోస్టుకార్డు అర్ధ రూపాయే, ఐదు రూపాయల కవరుతో పోలిస్తే ఎంతో చవక. అయినా కార్డు రాయం. కార్డు మీ చేతికొచ్చే లోపు నలుగురు చదువుతారు. వాట్సాప్‌లో కూడా "మీ విరాళం అందింది, ధన్యవాదాలు" అని మాత్రమే పెడతాం, దేనికో రాయం.

మా తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడు. వాడి సంవత్సరీకానికి ఏటా కొంత ఇవ్వాలనుంది. ఎలా?

ఇలాంటి విరాళానికి ఉత్తరం రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. కొన్నిసార్లు రెండు.

మీకు ఫారాలు పంపం. మీ తమ్ముడి పేరు, మీకు ఇష్టమైతే ఆయన గురించి ఒకటి రెండు మాటలు చెప్పండి. క్రికెట్ పిచ్చి అనో, చెల్లెళ్ళను ఏడిపించేవాడనో, ఏదైనా. ఉత్తరంలో ఆ మాటలే రాస్తాం. ఎలా పోయారో రాయం. "మీ విశాల హృదయానికి జోహార్లు" లాంటి వాక్యం ఈ ఉత్తరంలో ఉండదు. ఆ రోజు మీ ఇంట్లో ఎలా ఉంటుందో మాకు తెలుసు. తిథి ప్రకారం చేస్తారో తేదీ ప్రకారమో చెబితే, ఉత్తరం ఆ రోజుకు కాకుండా రెండు రోజులు అటో ఇటో చేరేలా చూస్తాం. మరుసటి ఏడు మీరు ఇవ్వలేకపోయినా, వద్దనకపోతే, ఆ రోజుల్లో ఒక ఫోన్ వస్తుంది. డబ్బు కోసం కాదు.

"చట్టం ప్రకారం అది నేరమట కదా, మావాడి పేరు రాస్తే ఇబ్బందా" అని ఒకతను భయంగా అడిగారు. ఏ ఇబ్బందీ లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, కేసు పెట్టి శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. ఆదుకునే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. ఇది చదువుతున్న మీకే మనసు బాగాలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

నేను వంద రూపాయలే ఇచ్చాను. దానికి ఉత్తరం, ఫోన్ అవసరమా? ఆ ఖర్చు దండగ కదా?

మా కోశాధికారిగారు కూడా ఇదే అంటారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఉత్తరం అంతా కలిపి పది రూపాయల్లో పోతుంది. ఫోన్ ఖర్చు లేనట్టే. పైగా వంద రూపాయలు ఇచ్చిన మనిషికి ఆ వంద విలువ ఎంతో మనకు తెలియదు.

ఇచ్చిన డబ్బంతా జీతాలకే పోతోందని విన్నాను.

సగానికి పైగా జీతాలకే పోతుంది. దాచేదేమీ లేదు.

మా పని బయటికి కనిపించేది కాదు. కట్టడం ఉండదు, బోరు ఉండదు, రిబ్బన్ కత్తిరించే పని ఉండదు. ఒక ఉదాహరణ చెబుతాను. స్కిజోఫ్రేనియాతో పదేళ్ళుగా ఇంట్లో ఒక గదిలో ఉండిపోయిన మనిషికి వికలాంగుల పింఛను రావాలి. మానసిక అనారోగ్యం కూడా వైకల్యం కిందికి వస్తుందని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ముందు ఆధారు కావాలి, వేలిముద్రలకు మనిషి గదిలోంచి బయటికి రావాలి. అది ఒక నెల పని. తర్వాత సదరం, అంటే వైకల్యం ఎంతో తేల్చే వైద్య పరీక్షకు స్లాట్ బుక్ చేయాలి. ఆ రోజు ఆయన ఆటో ఎక్కనంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే. వైద్యులు కనీసం నలభై శాతం వైకల్యం ఉందని రాస్తేనే సర్టిఫికెట్ పనికొస్తుంది. అది వచ్చాక పింఛను అర్జీ. ఇదంతా అయ్యాక కృష్ణకు ఇటు ఆంధ్రాలో నెలకు ఆరు వేలు, అటు తెలంగాణలో 4,016 రూపాయలు చేతికొస్తాయి, ఏళ్ళ తరబడి. దీనికైన ఖర్చేమిటి? ఆయన పక్కన కూర్చుని బతిమాలి, నవ్వించి, టీ తాగించి, ఐదుసార్లు తిరిగిన మా కార్యకర్త జీతం. మీ డబ్బు అక్కడికి పోయింది. అది దుబారా అయితే మా పనంతా దుబారాయే.

మందులు కొంతవరకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. బస్సు ఛార్జీల భారం కూడా తగ్గింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. తోడు వచ్చే అమ్మలకు, అక్కలకు టికెట్ లేదు. మగ రోగులకు, ఆటోలకు ఇంకా కావాలి. మిగిలిన ఆ డబ్బు ఎటు పోయిందో కూడా పోయిన దసరా ఉత్తరంలో రాశాం.

ఇప్పటివరకు ఎంతమంది పూర్తిగా బాగయ్యారు?

ఆ అంకె మేం వేయం. టీబీకి మందుల కోర్సు ముగిస్తే లెక్కలో రాసుకోవచ్చు. ఇక్కడ ఒకరు మూడేళ్ళు చక్కగా ఉండి, వరసగా నాలుగు రాత్రులు నిద్ర లేక మళ్ళీ మొదటికి వస్తారు. ఇంకొకరికి, ఎవరూ లేకపోయినా వినిపించే గొంతులు పూర్తిగా పోవు, కానీ గేదెల్ని కాసుకొస్తారు, పెళ్ళిళ్ళకి వెళ్తారు. వీళ్ళలో ఎవరిని "బాగయ్యారు" అనాలి? ఎంతమంది క్రమంగా వస్తున్నారో, ఎంతమంది రావడం మానేశారో, మానేసినవాళ్ళలో ఎంతమంది ఇళ్ళకు వెళ్ళామో, ఈ మూడూ రాస్తాం. మానేసినవాళ్ళ సంఖ్య రాస్తే దాతలు తగ్గుతారని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఏమో, మరీ అంత తగ్గలేదు.

పని ఎంత పెద్దదో తెలియాలంటే ఒక సంగతి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు.

మేం అమెరికాలో ఉంటాం. ఎలా పంపాలి?

ముందు మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చెప్పండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది గానీ తప్పదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత పద్ధతి ఇది. మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు, అందుకని తీసుకోలేం. మీ మేనమామ ఖాతాలో వేసి ఆయన చేత పంపిస్తామంటారు కొందరు. ప్రేమకొద్దీ అంటున్నారని తెలుసు, అయినా వద్దు.

డబ్బు తీసుకోలేకపోయినా ఇవ్వాలనుకున్నందుకు మీకూ ఉత్తరం వస్తుంది. సెలవుల్లో ఊరొచ్చినప్పుడు ఆఫీసుకు రండి.

మా కంపెనీ సమాజ సేవకు కేటాయించే డబ్బులోంచి, అంటే సీఎస్‌ఆర్ కింద ఇస్తుంది. లోగో పెడతారా?

మందుల బీరువా మీద, జీపు వెనక పెడతాం. రోగుల టీషర్టుల మీద పెట్టం. ఉద్యోగులు "ఒకరోజు వాలంటీరింగ్"కి వస్తామంటే లెక్కలు, కంప్యూటరు, గోడలకు రంగులు, ఇలాంటి పనులు బోలెడున్నాయి. రోగులను చూసి వెళ్ళడం వాలంటీరింగ్ కాదు.

పాత బట్టలు, వాడగా మిగిలిన మందులు ఇవ్వొచ్చా?

ఉతికిన బట్టలు, మీరు మళ్ళీ కట్టుకోగలిగినవి అయితే ఇవ్వండి. మందులు వద్దు. సగం వాడిన స్ట్రిప్పు మీద తేదీ చిరిగిపోయి ఉంటుంది, పైగా డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందులివి.

రెండేళ్ళుగా ఏమీ ఇవ్వలేదు. అయినా మీ దసరా ఉత్తరం వస్తోంది. సిగ్గుగా ఉంది.

సిగ్గెందుకండీ! అప్పట్లో మీరిచ్చిన డబ్బుతో మొదలైన పని ఇంకా నడుస్తోంది, దాని కబురు మీకు చెప్పాలిగా. వద్దనుకుంటే ఒక్క మెసేజ్ పెట్టండి, ఆపేస్తాం. కారణం అడగం.

మీ దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళు విరాళం ఇస్తే తీసుకుంటారా?

దీని మీద మాలో మాకే చాలా వాదన జరిగింది. తీసుకుంటే, ఇవ్వలేనివాళ్ళు తమకు వైద్యం ఆగిపోతుందేమోనని భయపడతారని కొందరు. వద్దంటే, మీది తీసుకోం అని వాళ్ళ ముఖం మీదే అన్నట్టని ఇంకొందరు. చివరికి, వైద్యం జరిగే గదిలో డబ్బు ముట్టుకోకూడదు, వేరే రోజు ఆఫీసుకు వచ్చి ఇస్తే అందరిలాగే తీసుకోవాలి అని రాసుకున్నాం. రసీదు అదే, ఉత్తరం అదే, పేరు పక్కన గారు అదే.

మొదట అలా ఇచ్చినాయన ఇటుకల బట్టీలో పనిచేస్తారు. రెండు వందలు తెచ్చారు. రసీదు తీసుకుని వెళ్ళిపోయి, అరగంటకు మళ్ళీ వచ్చారు. ఇంకేదో సమస్య అనుకున్నాం. రసీదు బల్ల మీద పెట్టి, "మా ఇంటిపేరులో ఒత్తు తప్పు పడింది, మార్చి ఇవ్వండి" అన్నారు. పాతది కొట్టేసి కొత్తది రాసి ఇచ్చాం.